కాఫీ పూసే వారం, లారీలు రాని దారి

మార్చి నెలాఖరులో ఒక ఉదయం పాడేరు దాపున ఉన్న ఒక పల్లె నుంచి నాకు ఫోను వచ్చింది. "రాత్రి గట్టి వాన పడింది సార్, ఇక రోజులు లెక్కపెట్టుకోండి" అని ఆ కాఫీ రైతు చెప్పాడు. ఆ మాట కోసం నేను డిసెంబరు నుంచి ఎదురుచూస్తున్నాను. నల్లగొండలో అప్పటికే గాలి వేడెక్కి, పగలు పదకొండు దాటితే రోడ్ల మీద జనం పలుచబడుతున్న రోజులవి. క్యాలెండరులో ఆ తేదీ నుంచి ఎనిమిది గళ్లు లెక్కపెట్టి, తొమ్మిదో గడికి పెన్సిలుతో సున్నా చుట్టి, మా బావమరిదికి ఫోను చేశాను.

కాఫీ మొగ్గలకు ఒక స్వభావం ఉంది. చలికాలం చివరికల్లా కణుపుల దగ్గర గుత్తులుగా మొగ్గ తొడిగి, అక్కడితో ఎదుగుదల ఆపేసి, వాన కోసం కాచుకొని ఉంటాయి. మార్చిలోనో ఏప్రిల్‌లోనో ఒక మంచి వాన పడగానే మేల్కొని, ఎనిమిది పది రోజుల్లో తోట తోటంతా ఒక్కసారిగా తెల్లగా విచ్చుకుంటాయి. ఆ తెలుపు రెండు మూడు రోజులకు మించి నిలవదు. ఇందులో నల్లగొండ రైతుకు కొత్తగా తోచే సంగతేమీ లేదు. మా బత్తాయి తోటలకు కూడా కొన్నాళ్లు నీళ్లు ఆపి, చెట్టును బెట్టకు వదిలి, ఆకు వాడు ముఖం పట్టిన తరువాత తడి ఇస్తేనే పూత ఒక్కసారిగా వస్తుంది. మేము బోరు నీళ్లతో చేసే పనిని ఆ కొండల మీద ఆకాశం చేస్తుంది. అసలు కాఫీ పూత చూడాలన్న కోరిక నాకు బత్తాయి పూత వల్లనే కలిగింది.

నేను భూముల కొలతల శాఖలో సర్వేయరుగా పనిచేసి ఉద్యోగ విరమణ చేసినవాడిని. గొలుసులు, టిపన్లనే పొలం కొలతల కాగితాలు, గ్రామ నక్షలు చేతబట్టుకొని ఉమ్మడి నల్లగొండ జిల్లాలో చాలా మండలాలు కాలినడకనే తిరిగాను. విరమణ తరువాత మోకాళ్ల కోసమని సైకిలు మొదలుపెట్టాను గాని, ఏడాది తిరిగేసరికి ఆ సాకు వెనకబడి, దారుల మీది ఇష్టమే మిగిలింది. పట్టణం దాటి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం దాకా పోయి రావడంతో మొదలైన తొక్కుడు, క్రమంగా దేవరకొండ దాకా, డిండి చెరువు దాకా, ఆ పైన చందంపేట, నేరేడుగొమ్ము తండాల దాకా సాగింది. ఒక ఫిబ్రవరి తెల్లవారుజామున ఒక్క బండి కూడా ఎదురుపడని పంచాయతీ దారిలో పోతుండగా, తోట ఇంకా కంటికి కనబడక ముందే బత్తాయి పూల వాసన వచ్చి ముఖానికి తగిలింది. అదే తోట మీదుగా జీపులో ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు, ఆ వాసన నాకు ఎన్నడూ తెలియలేదు. సైకిలు వల్ల తెలిసిందని మొదట అనుకున్నాను. తరువాత కొన్నాళ్లకు, పెద్ద రోడ్డు పక్కనున్న మరో తోట దగ్గర డీజిలు పొగ తప్ప మరేమీ తెలియనప్పుడు, సైకిలుతో పాటు దారి కూడా ఖాళీగా ఉండాలని అర్థమైంది.

అప్పటి నుంచి నేను దూరాన్ని బట్టి కాక, రాకపోకలను బట్టి దారి ఎంచుకుంటున్నాను. ఒక దారిన లారీ ఎందుకు పోతుందని అడిగితే సగం జవాబు దొరుకుతుంది. క్వారీ ఉంటే పోతుంది, మిల్లు ఉంటే పోతుంది, రెండు పెద్ద రోడ్లను కలిపే అడ్డదారి అయితే తప్పకుండా పోతుంది. ఎక్కడికీ పోకుండా ఏదో ఒక ఊళ్లోనో, నీటి ఒడ్డునో ఆగిపోయే దారిన లారీకి పని లేదు. నాగార్జునసాగర్ వెనుక జలాల వైపు దిగే మా దారులన్నీ ఇటువంటివే. వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది నేరేడుగొమ్ము మండలంలో కృష్ణ ఒడ్డున ముగిసే దారి. ఆ చివరి ఊరి పేరు వైజాగ్ కాలనీ. చేపల వేట కోసం విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాల వల్ల ఆ పేరు వచ్చింది. అక్కడ ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటూ, నేను గుట్టలెక్కి వచ్చానని విని, "మా వైపు కొండలెక్కండి ఒకపాలి, కాఫీ తోటల్లోంచి దారి ఉంటాది" అన్నాడు. నీటి ఒడ్డున కూర్చొని విన్న ఆ మాట నా మనసులో నాటుకుపోయింది.

మొదటిసారి డిసెంబరులో వెళ్లాను. అరకు, పాడేరు, చింతపల్లి ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఆ జిల్లా ఏర్పడింది. ఆ మొదటి యాత్రలో నేను చేసిన తప్పు ఒక్కటే గాని, అది చిన్నది కాదు. ఇంటి దగ్గర ఇంత జాగ్రత్తగా పాటించిన నియమాన్ని పక్కనబెట్టి, సైకిలు మీదనే ఘాట్ ఎక్కాలన్న ఉత్సాహంతో శృంగవరపుకోట నుంచి అనంతగిరి వైపు, అదీ ఒక ఆదివారం ఉదయం బయలుదేరాను. డిసెంబరు ఆదివారం అంటే విశాఖ నుంచి వచ్చే కార్లు, వ్యాన్లు, బస్సులు అన్నీ ఆ దారిలోనే ఉంటాయి. ఎక్కుడులో సైకిలు నడక వేగంతో పోతుంది, తిన్నగా పోవడానికి కొంత ఊగిసలాట తప్పదు. వెనక నుంచి హారన్లు ఆగవు. ఒక మలుపులో ఎదురుగా దిగుతున్న వ్యాను నా వైపుకు వచ్చేసరికి నేను తారు అంచు దిగి గులకరాళ్లలో పడ్డాను. మోచేయి గీసుకుపోవడం తప్ప ప్రమాదమేమీ జరగలేదు. అక్కడి నుంచి చాలా దూరం సైకిలు నెట్టుకుంటూ నడిచాను. దారికి రెండు వైపులా కాఫీ తోటలు ఉన్నాయని, పండ్లు ఎర్రబడి కోతకు వచ్చాయని నాకు ఆ రాత్రి గదిలో ఫొటోలు చూసుకున్నప్పుడే తెలిసింది. అంత దూరం పోయి, చూడవలసినదాని పక్కనుంచే చూడకుండా వచ్చానన్న బాధ ఇప్పటికీ తగ్గలేదు.

ఆ యాత్రలో చివరి రెండు రోజులు మాత్రం పాడేరు చుట్టుపక్కల గడిపాను. మినుములూరు వైపు అటవీ అభివృద్ధి సంస్థ కాఫీ తోటలు చూశాను. పల్లె దారులు పట్టి తిరుగుతున్నప్పుడే, ఇంటి ముందు టార్పాలిను మీద గింజలు ఆరబోస్తున్న ఆ రైతు పరిచయమయ్యాడు. మా ఊళ్లో వానాకాలపు వడ్లు సగం రోడ్డు మీద ఎలా ఆరుతాయో, అక్కడ కాఫీ గింజలు వాకిళ్లలో అలా ఆరుతుంటాయి. "పూత చూడాలంటే డిసెంబరులో కాదు సార్, వేసవి మొదట్లో రావాలి. వాన పడితే నేనే చెప్తాను" అని నా నంబరు రాసుకున్నాడు.

రెండోసారికి ముందు రెండు పనులు చేశాను. మొదటిది సైకిలు పళ్లు మార్చడం. నా సైకిలుకు ముందు పెడల్ దగ్గర ఉండే చిన్న పళ్ల బిళ్లకు 28 పళ్లు, వెనక చక్రం దగ్గరి పెద్ద బిళ్లకు 34 ఉండేవి. ఒకసారి పెడల్ పూర్తిగా తిప్పితే సైకిలు సుమారు 1.7 మీటర్లు పోయేది. ముందు 22 పళ్లది వేయించాక అది సుమారు 1.35 మీటర్లకు తగ్గింది. మా చిన్ననాటి గేర్లు లేని నల్ల సైకిలు ఒక్క చుట్టుకు ఐదు మీటర్లకు పైగా పోయేదన్న సంగతి గుర్తుంచుకుంటే ఈ తేడా ఎంతటిదో తెలుస్తుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కినా గంటకు ఐదు కిలోమీటర్లు దాటదు గనుక, నడిచే మనిషి మనతో మాట్లాడుతూ రాగలడు. కుర్రవాళ్లు దీన్ని చిన్నతనంగా భావించి పెద్ద పళ్ల మీదే నిలబడి తొక్కుతుంటారు. నా అభిప్రాయంలో కొండ దారికి వచ్చేవారు ముందుగా ఖర్చు పెట్టవలసింది ఈ పళ్ల మీదనే. తేలికపాటి ఫ్రేముకు పోసే డబ్బులో పదో వంతు చాలు, ఊపిరి అందుతుంది, ఊపిరి అందినప్పుడే తల పక్కకు తిప్పి చూడాలనిపిస్తుంది.

రెండో పని దారి గీసుకోవడం. ఇది నా వృత్తి నేర్పిన విద్య గనుక కొంచెం వివరంగా చెప్పాలనిపిస్తున్నది. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద 500 మీటర్లు. సమాన ఎత్తు గల స్థలాలను కలిపే గోధుమరంగు గీతలు 20 మీటర్లకు ఒకటి ఉంటాయి. దారి ఒక సెంటీమీటరు దూరంలో ఒక్క గీతను దాటితే నూటికి నాలుగు మీటర్ల వాలు, మాట్లాడుకుంటూ ఎక్కవచ్చు. రెండు గీతలు దాటితే నూటికి ఎనిమిది, అక్కడ మాటలు ఆగిపోతాయి. మూడు గీతలంటే నేను దిగి నెడతాను, అందులో నామోషీ పడవలసిందేమీ లేదు. గీతల వెంబడి, వాటిని కోయకుండా కొండ నడుము పట్టుకొని పోయే దారులు పటంలో వెతకాలి. అవే తోటల మధ్య నుంచి పోయే పాత దారులు. కాఫీ మొక్క కొండ వాలులో నీడన పెరుగుతుంది, కూలీలు పండ్ల గంపలు మోసుకొచ్చేది కూడా ఈ అడ్డ దారుల వెంబడే. పెద్ద రోడ్డు సంగతి వేరు. రాజమండ్రి నుంచి చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే దారిని జాతీయ రహదారి 516ఇగా చేసి వెడల్పు చేస్తున్నారు. అక్కడి ప్రజలకు ఆసుపత్రి దగ్గరవుతుంది, బస్సు దగ్గరవుతుంది, అది జరగవలసిన పని. సైకిలు వాడు దాన్ని అవసరమైన చోట దాటుకొని, పక్క దారి చూసుకోవాలి.

ఈసారి ఘాట్ ఎక్కలేదు. విశాఖ ఎక్స్‌ప్రెస్ మా నల్లగొండ మీదుగానే పోతుంది. సైకిళ్ల హ్యాండిళ్లు తిప్పి కట్టి, గొలుసు పక్క గోనెపట్టా చుట్టి, లగేజీగా బుక్ చేసి ఎక్కించాము. విశాఖలో దిగి, మరునాటి ఉదయం కిరండూల్ పోయే ప్యాసింజరు పట్టుకున్నాము. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో కొండలు తొలిచి వేసిన లైను అది. యాభైకి పైగా సొరంగాలున్నాయి. ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషనుగా పేరున్న సిమిలిగూడ దాటాక రైలు అరకులోకి దిగింది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తును కాళ్లకు శ్రమ లేకుండా చేరుకున్నామన్నమాట. ఇది మోసం కదా అని నన్ను కొందరు అడిగారు. ఎక్కడం ఒక్కటే లక్ష్యమైతే మోసమే. నాకు ఆ పైన ఉన్నది కావాలి. అది మంగళవారం, పర్యాటకులు లేని రోజు.

అరకు నుంచి డుంబ్రిగుడ, హుకుంపేటల మీదుగా పాడేరుకు పోయే దిశలోనే, పెద్ద రోడ్డును తప్పించుకుంటూ రెండు రోజుల్లో చేరాలని అనుకున్నాము. మొదటి పూట పొలాల మధ్య గడిచింది. శీతాకాలం మొదట్లో వలిసె పూలతో పచ్చగా పసుపు పరచినట్టుండే చెలకలు ఇప్పుడు దున్నడానికి సిద్ధంగా ఎర్రగా ఉన్నాయి. మధ్యాహ్నం ఒక పక్క దారి పట్టి వాలు ఎక్కుతుండగా మా బావమరిది, "బావా, జర ఆగు. మల్లెతోట ఉన్నదా ఈడ?" అన్నాడు. ఇద్దరం కాలు కింద పెట్టాము. మల్లెకు దగ్గరగా, అందులో కొంచెం బత్తాయి పూత కలిసినట్టుగా, చల్లటి వాసన పైనుంచి దిగుతున్నది. ఇంకో రెండు మలుపులు తిరిగేదాకా ఒక్క పువ్వు కూడా కనబడలేదు. మూడో మలుపులో సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియం తీగలు పాకిన మొదళ్ల మధ్య, వాలంతా తెల్లగా ఉంది. కొమ్మ పొడవునా, ప్రతి ఆకు జంట దగ్గరా, పూలు చెండుకట్టినట్టు అమరి ఉన్నాయి. ముదురాకుపచ్చ ఆకులు ఆ తెలుపు కింద సగం దాగిపోయాయి.

నేను ఆ చోట గంటకు పైగా ఉన్నాను. మొదట కంటితో చూశాను, తరువాత కళ్లు మూసుకున్నాను. అప్పుడే తేనెటీగల మోత వినబడింది. అది ఒక చెట్టు దగ్గరి మోత కాదు, కొండ వాలంతా ఒకే శ్రుతిలో, దూరంగా పంపుసెట్టు నడుస్తున్నట్టుగా ఉంది. ఈ కొండల మీద ఎక్కువగా పండేది అరబికా అనే కాఫీ రకం. అది తన పుప్పొడితోనే కాయ కట్టగలదు, రొబస్టా రకానికి మాత్రం వేరే చెట్టు పుప్పొడి కావాలి. ఈగలకు ఆ భేదంతో పని లేదు, పూత దొరికితే చాలు. ఆ గంటలో ఆ దారిన పోయినవారు నెత్తిన కట్టెల మోపులతో ఇద్దరు ఆడవాళ్లు, ఒక మోటారు సైకిలు. బండి వచ్చి మలుపు తిరిగి పోయేదాకా మోత వినబడలేదు. అది పోయిన తరువాత కూడా మళ్లీ వినబడడానికి కొంతసేపు పట్టింది. ఒక్క బండికే అంత సమయం పడితే, నేను డిసెంబరు ఆదివారం నాడు ఏం విని ఉంటానో ఊహించుకోవచ్చు.

రాత్రి ఆ రైతు ఇంట్లోనే ఉన్నాము. కోత కాలపు కష్టం గురించి ఆయన చాలాసేపు చెప్పాడు. నవంబరు నుంచి జనవరి దాకా పండ్లు ఒకేసారి పండవు గనుక ఎర్రబడినవి మాత్రమే ఏరుకుంటూ, అదే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ పోవాలి. కోసిన పండు తోలును ఆ రోజే తీయించి, జిగురు పోయేదాకా నానబెట్టి, కడిగి ఆరబెట్టాలి. ఆలస్యమైతే పులిసిపోతుంది. ఇంత చేసినా ఐదారు కిలోల పండ్లకు ఒక్క కిలో గింజలే మిగులుతాయి. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత ఆ పేరు పెద్ద నగరాల దుకాణాల్లో వినబడుతున్నది. ఆయన ఇంట్లో మాత్రం మాకు ఇచ్చింది చాయే. మర్నాడు దారిలో ఒక బడ్డీ కొట్టులో కాఫీ అడిగితే అక్కడా చాయే దొరికింది. చాయ్ తప్ప మరొకటి ఎరుగని నల్లగొండ నుంచి వచ్చినవాళ్లం గనుక మాకు ఇబ్బంది కలగలేదు గాని, తోట చెంతనే తోట పంట దొరకకపోవడం నాకు కష్టంగా తోచింది. రేటు బాగుంటే అంతా అమ్ముకోవడానికే చూస్తామని ఆయన అన్న మాటలో న్యాయం ఉంది. బత్తాయి రైతు ఇంట్లో మంచి కాయలు బజారుకు పోయి, మచ్చ కాయలు పిల్లలకు మిగలడం నేను చూసినదే.

దిగుళ్ల గురించి ఒక్క మాట చెప్పాలి. ఎక్కుడు మనిషిని అలసిపోజేస్తుంది, ప్రమాదం మాత్రం దిగుడులోనే ఉంటుంది. సిల్వర్ ఓక్ ఆకులు రాలి, పొద్దున మంచుకు తడిసి, మలుపుల్లో తారు మీద పరుచుకొని ఉంటాయి. వాటి మీద ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు. రిమ్ము పట్టే రబ్బరు బ్రేకులున్నవారు పొడుగు దిగుడులో బ్రేకు అదేపనిగా పట్టి ఉంచితే రిమ్ము కాలి ట్యూబు పేలవచ్చు, అందుకని పట్టి వదులుతూ దిగాలి, మధ్యలో ఆగి వేలితో వేడి చూసుకోవాలి. మా బావమరిది బ్రేకు రబ్బర్లు రెండో రోజు మధ్యాహ్నానికే లోహం దాకా అరిగాయి. నేను ఒక జత అదనంగా తెచ్చాను గనుక సరిపోయింది. పంక్చర్లు మాత్రం ఒక్కటీ కాలేదు. మా దేవరకొండ దారుల్లో సర్కారు తుమ్మ ముళ్లకు వారానికి ఒక ట్యూబు అతికించే అలవాటున్న నాకు ఇది పండుగలా అనిపించింది.

పాడేరు చేరిన మరునాడు, అంటే పూత చూసిన మూడో రోజున, బావమరిదిని గదిలో విశ్రాంతి తీసుకోమని చెప్పి, ఒక ఆటోలో సైకిలు వేసుకొని మళ్లీ ఆ వాలు దగ్గరికి వెళ్లాను. పూలు చాయ్ రంగుకు తిరిగాయి. కొన్ని కొమ్మకు అంటుకొని ఉన్నాయి, కొన్ని రాలి నేల మీద మురిగిన మల్లెల్లా ఉన్నాయి. వాసన దాదాపు లేదు. ఈగల మోత కింది వాలు నుంచి, ఇంకా ఆలస్యంగా పూసిన మరేదో తోట వైపు నుంచి సన్నగా వస్తున్నది. కొమ్మ ఒకటి వంచి చూస్తే, రాలిన పువ్వు చోట గుండుసూది తలంత ఆకుపచ్చ చుక్క ఉంది. అది ఎర్రబడేది నవంబరులో. రైతు తోటలో ఎండుకొమ్మలు తీస్తూ నన్ను చూసి, "ఇంకేముంది సార్ చూడ్డానికి, అయిపోయింది కదా" అని అడిగాడు. ఈగలు ఎటు పోయాయో చూడాలని ఉందన్నాను. ఆయన కొడవలితో కింది వాలు చూపించి, ఆ దారి బండ్లు పోయేది కాదని, సైకిలు మాత్రం పడుతుందని చెప్పాడు. చిన్న పళ్ల మీదికి గొలుసు మార్చుకొని అటు దిగాను.